పాత వాల్వు రేడియోలను గోడ ప్లగ్గులో పెట్టనివ్వకండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గ్రంథాలయాలు, పంచాయతీ ఆఫీసులు, సర్కారు బడుల స్టోరు గదుల్లో మిగిలిన వాల్వు రేడియోలను (ట్రాన్సిస్టర్లు రాకముందు గాజు వాల్వులతో నడిచిన సెట్లను) విరిగిన కుర్చీలతో కలిపి తుక్కు వేలంలో రాయొద్దని ఒక సర్క్యులర్ ఇవ్వండి. అందులోనే ఇంకో మాట చేర్చండి: పనిచేస్తుందో లేదో చూద్దామని ఎవరూ దాన్ని గోడ ప్లగ్గులో పెట్టకూడదు. మా లెక్కలో ఈ రెండోదే ముఖ్యం.

ఎందుకంటే, స్పీకర్‌ను నడిపే ఈఎల్84 లాంటి అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు, అంటే అందులో కరెంటును అదుపుచేసే తీగకు, ముందుండే కాగితపు కండెన్సర్ ఏళ్లు గడిచేకొద్దీ లీకవుతుంది. ముందు దశలోని హైవోల్టేజీ గ్రిడ్ మీదికి వస్తుంది. వాల్వు విపరీతంగా కరెంటు లాగి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేస్తుంది. కండెన్సర్‌కయ్యేది కొన్ని రూపాయలే, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మళ్లీ చుట్టించాల్సిందే. పాతదాని విలువే చూసుకుని (ఎక్కువగా 0.01 లేదా 0.02 మైక్రోఫారడ్) 630 వోల్టుల పాలిస్టర్‌ది వేయాలి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడొచ్చు. ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్ డబ్బాను చూపుకోసం చాసిస్ (లోపలి లోహపు చట్రం) మీదే ఉంచి, దాని కనెక్షన్లు పూర్తిగా విప్పేసి, కింద కొత్తవి కట్టాలి. విప్పకుండా పక్కన కలిపితే పాతదాని లీకేజీ అలాగే ఉంటుంది.

సెట్టు ఏ రకమో తెలియాలంటే వాల్వు పేరులో మొదటి అక్షరం చాలు. 'ఈ' అయితే 6.3 వోల్టుల హీటరు (వాల్వును వేడెక్కించే తీగ), సాధారణంగా మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏసీ సెట్టు. 'యు' అయితే హీటర్లన్నీ 100 మిల్లీ ఆంపియర్ల మీద సిరీస్‌లో నడిచే ఏసీ/డీసీ సెట్టు. మెయిన్స్ తీగ ఒకటి చాసిస్‌కే కలుస్తుంది. ప్లగ్గు తిరగేసి పెట్టి, నాబ్ ఊడిన కడ్డీ ముట్టుకున్నారో, షాకే. సందర్శకుల చేతికందే చోట దీన్ని ఎప్పుడూ ఆన్ చేయొద్దు. 'డి' అయితే కరెంటు లేని ఊళ్ల కోసం చేసిన బ్యాటరీ సెట్టు: 1.4 వోల్టుల ఫిలమెంటు, 90 వోల్టుల హెచ్‌టీ (హైటెన్షన్ సరఫరా). దానికి 230 వోల్టుల మెయిన్స్ తగిలితే ఇక అంతే.

మరమ్మతయ్యాక కూడా మొదటిసారి సిరీస్ బోర్డు మీదే, అంటే సెట్టుకు వెళ్లే కరెంటు ఒక బల్బు గుండా పోయేలా పెట్టి, ఆన్ చేయాలి. 60 వాట్ల ఫిలమెంటు బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. వెలుగు తగ్గితే మంచిదే, నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టుంది, ఆపేయాలి. ఫిలిప్స్ ఏసీ సెట్లలో మెయిన్స్ వోల్టేజీని ఎంచుకునే మార్పిడి 110 మీద ఉందేమో చూసి 245కు మార్చాలి.

శుభ్రం చేసేవాళ్లకు చెప్పండి: డయల్ గ్లాసు లోపలి వైపు తడిబట్ట తగలకూడదు, స్టేషన్ల పేర్లు బట్టకే వచ్చేస్తాయి. వెనక అట్ట మీది లేబుల్ చింపొద్దు. థానేలో చేసిన మర్ఫీనా, ఆ తర్వాత నెల్కోగా మారిన బొంబాయి నేషనల్ ఎకోనా అన్నది దాన్ని బట్టే రాయాలి. వాల్వు మీది బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర చూసి సెట్టు వయసు కట్టొద్దు. బీఈఎల్ వాల్వులు 1961 నుంచే వచ్చాయి, ఎవరో తర్వాత మార్చినదై ఉండొచ్చు.

వీటిలో చాలావాటికి ఎఫ్‌ఎం లేదు. వినిపించాలంటే మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ ఉంది, కిటికీ బయటికి ఐదారు మీటర్ల ఏరియల్ తీగ వేస్తే సరి. కాకపోతే ప్రదర్శన గదిలో చవకరకం ఎల్‌ఈడీ దీపాలు పెట్టించకండి, వాటి డ్రైవర్ల గోల తప్ప ఏమీ వినపడదు.

ఇట్లు,
వాల్వు రేడియోలు బాగుచేసే కొందరు మెకానిక్కులు