సంతకం పెట్టినవాళ్లను కూడా అడగండి సార్: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో పనిచేస్తున్న ఆర్కిటెక్టును. ఇళ్ల ప్లాన్ల కింద అద్దెకు దొరుకుతున్న సంతకాల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన ఊళ్లలో ఇల్లు కట్టినవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. ప్లాను ఒకరు గీస్తారు, సంతకం ఇంకొకరిది. "ప్లాను రెడీగా ఉంది సార్, సంతకానికి ఎంత తీసుకుంటారు?" అని నన్నే నేరుగా అడిగినవాళ్లున్నారు. నేను కుదరదంటే ఇంకో చోటికి పోయారు, అక్కడ పని అయిపోయింది, ఇల్లు కూడా లేచింది. ఆ సంతకం పెట్టినాయన ప్లాటు దగ్గరికి వచ్చి ఉండడు, పక్కన నాలా ఉందో లేదో, ప్లానులో చూపిన సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, నేల మీద వదిలారో లేదో ఆయనకు తెలిసే దారే లేదు. ఓనరు మాత్రం ఆ సంతకం చూసి ధైర్యంగా అప్పు తెచ్చి స్లాబు వేస్తాడు.

ఆన్‌లైన్‌లో ఇంటి అనుమతులిచ్చే టీజీ బీపాస్ వచ్చాక ఇది ఇంకా ముఖ్యమైంది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, అంటే దాదాపు 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చెప్పింది తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చేయొచ్చని 2020 నాటి బీపాస్ చట్టమే చెబుతోంది. కూలేది ఓనరు ఇల్లు. ఆ కాగితాల మీద సంతకం చేసినాయన మరుసటి రోజు ఇంకో ప్లాను మీద సంతకం చేస్తుంటాడు.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు నయీంనగర్ నాలా గురించి, ఆక్రమణల గురించి ఎంత మాట్లాడుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. కట్టినవాళ్లను తిట్టాం, అధికారులను తిట్టాం. నాలా పక్కన లేచిన ఇళ్లకు అనుమతులు ఉంటే వాటి ప్లాన్ల కింద సంతకాలు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం నాకు ఎక్కడా వినబడలేదు. వరంగల్ కోట దగ్గరా ఇదే కథ. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లలో ముందస్తు అనుమతి కావాలి, కేంద్రం 2010లోనే చట్టం మార్చి ఖరారు చేసింది. ఖిలా వరంగల్‌లో తరతరాలుగా ఉంటున్న కుటుంబానికి ఈ సంగతి పునాది తవ్వకముందే చెప్పాల్సింది ప్లాను మీద సంతకం పెట్టే మనిషి కాదా?

ఇక మా వృత్తి సంగతి. నాటా అనే ప్రవేశ పరీక్ష రాసి, 5 ఏళ్లు బీఆర్క్ చదివి, అందులోనే కొన్ని నెలలు ఎవరో ఒకరి ఆఫీసులో ట్రైనింగ్ చేసి, డిగ్రీ చేతికొచ్చాక ఆర్కిటెక్టులను రిజిస్టర్ చేసే ఢిల్లీలోని కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌కు దరఖాస్తు పెడితే 'సీఏ' అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ వస్తుంది. అమెరికాలో అయితే డిగ్రీ తర్వాత ఆఫీసు అనుభవం గంటల లెక్కన చూపించి, ఆ పైన వరుసగా పరీక్షలు పాసైతేనే లైసెన్సు. మన దగ్గర కూడా ఇంకో పరీక్ష పెట్టమని నేను అడగను, పిల్లలకు ఇప్పుడున్న టెన్షన్ చాలు. కానీ నంబర్ ఇచ్చే ముందు అంత జల్లెడ పట్టనప్పుడు, ఇచ్చిన తర్వాతైనా ఒక కన్నేసి ఉంచాలి కదా.

1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అన్న పేరును మాత్రమే. రిజిస్టర్ కానివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు, ప్లాన్లు గీయడం మాత్రం నేరం కాదు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. బయటివాళ్లు మన పని లాక్కుపోతున్నారని మావాళ్లలో చాలామంది అప్పుడు బాధపడ్డారు. నాకైతే బయటివాళ్ల కంటే ముందు నంబర్ ఉండి దాన్ని అమ్ముకుంటున్నవాళ్ల సంగతి తేలాలి అనిపిస్తుంది. అందుకు దారి చట్టంలోనే ఉంది. 1989 నాటి వృత్తి ప్రవర్తన నియమాలున్నాయి, 30వ సెక్షన్ కింద ఫిర్యాదు వస్తే కౌన్సిల్ విచారించి మందలించవచ్చు, సస్పెండ్ చేయవచ్చు, రిజిస్టర్ నుంచి పేరే తీసేయవచ్చు. అయితే ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి. వరంగల్ కాశిబుగ్గలో 150 గజాల్లో ఇల్లు కట్టుకున్నాయన ఢిల్లీకి ఫిర్యాదు రాసి, వాయిదాలకు తిరుగుతాడా? అసలు అలాంటి కౌన్సిల్ ఒకటుందని ఆయనకు ఎవరు చెప్పారు? ఆ కౌన్సిల్‌లో కూర్చునేది ఎక్కువగా ఆర్కిటెక్టులు, కాలేజీల పెద్దలు, ప్రభుత్వ శాఖలవాళ్లు. ఇల్లు కట్టుకునే మామూలు మనిషికని అందులో ఒక్క కుర్చీ కూడా కేటాయించలేదు.

కేంద్ర చట్టం కదా, రాష్ట్రం ఏం చేయగలదు అంటారేమో. చేయగలదు సార్. కౌన్సిల్‌లో ప్రతి రాష్ట్ర ప్రభుత్వం ఒక ఆర్కిటెక్టును నామినేట్ చేస్తుంది. మన తరఫున అక్కడ కూర్చునే ఆ మనిషి ఏటా వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ లాంటి ఊళ్లకు వచ్చి జనం గోడు వినాలని మీరు అడగొచ్చు. ప్లాన్లు గీసి సంతకం పెట్టడానికి మున్సిపాలిటీ లైసెన్సు ఇచ్చే ఎల్‌టీపీల (లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ల) మీద చర్య ఎలాగూ మీ శాఖ చేతిలోదే. అనుమతి రద్దు చేసిన, కూల్చిన ప్రతి కేసులో ఆ ప్లాను మీద సంతకం చేసింది ఎవరు, స్థలం చూశారా లేదా అని కమిషనర్లు రాతపూర్వకంగా అడిగి తీరాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. జవాబు సరిగా లేకపోతే, ఆయన ఆర్కిటెక్టు అయితే కౌన్సిల్‌కు ఫిర్యాదు మున్సిపాలిటీయే పంపాలి, ఓనరు మీదకు నెట్టొద్దు. కడుతున్న ఇంటి ముందు బోర్డు మీద సంతకం చేసినవారి పేరు, నంబర్ దారినపోయేవాళ్లకు కూడా కనబడేంత పెద్దగా రాయించండి.

ఈ ఉత్తర్వు వల్ల మావాళ్లకే ఇబ్బంది అని నాకు ఫోన్లు వస్తాయి, రానివ్వండి. నా పేరు, నంబర్‌తో మొదటి బోర్డు పెట్టించడానికి నేను సిద్ధం. వానాకాలం మొదలయ్యేలోపు ఉత్తర్వు వస్తే బాగుంటుంది, నాలాల పక్కన పునాదులు ఇప్పుడే తవ్వుతున్నారు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ఆర్కిటెక్టు