ఫిల్లింగ్ ఊడితే తప్పంతా మెటీరియల్‌దేనా?

సంపాదకులకు నమస్కారం.

పన్ను పుచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్తే మనం అడిగేది ఒక్కటే, ఏ రకం సిమెంట్ పెడతారు, ఎంతవుతుంది అని. పంటి రంగుదానికి రేటు ఎక్కువ, కాబట్టి ఎక్కువ కాలం ఉంటుందనుకుంటాం. కొన్నాళ్లకే అంచున నల్లగీత వచ్చి, చల్లనీళ్లు తాగితే జివ్వుమని మళ్లీ వెళ్తే "ఈసారి ఇంపోర్టెడ్ వేద్దాం" అంటారు. ఎలా పెట్టారన్న మాట మాత్రం రాదు.

ఆ పంటి రంగుదాన్నే కాంపోజిట్ అంటారు, అంటే రెజిన్ అనే ప్లాస్టిక్‌లాంటి పదార్థంలో సన్నని గాజు పొడి కలిపిన ముద్ద. నీలం లైట్ పడితే గట్టిపడుతుంది, ఆ గట్టిపడటంలోనే సుమారు 2, 3 శాతం కుంచించుకుపోతుంది. వినడానికి చిన్న లెక్కే గానీ, లోతైన గుంతలో అన్ని గోడలకీ అతుక్కున్న ముద్ద లోపలికి లాగితే ఎక్కడో ఒకచోట అతుకు వదిలేస్తుంది, ఆ సందులోంచి మళ్లీ పుచ్చు మొదలవుతుంది. అందుకే మామూలు రకాన్ని 2 మిల్లీమీటర్లు మించకుండా పొరలుగా పెట్టి, పొరపొరకీ లైట్ కొట్టాలి. 4 మిల్లీమీటర్లు ఒకేసారి నింపే బల్క్‌ఫిల్ రకాలూ ఉన్నాయి, మంచివే, టైం కలిసొస్తుంది. మామూలు ముద్దను కూడా అలాగే దట్టించేస్తేనే చిక్కు, పైన రాయిలా ఉంటుంది, అడుగున సరిగా గట్టిపడదు, పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు.

ముద్ద పెట్టేముందు పంటిని గరుకు చేసే యాసిడ్ జెల్ కడిగి, బాండింగ్ అనే అతికించే ద్రవం పూసే సమయంలో ఉమ్మి తగిలినా అతుకు పాడవుతుంది. దీనికి పంటి చుట్టూ బిగించి ఉమ్మిని ఆపే రబ్బరు డ్యామ్ అనే పల్చటి షీటు ఉంది, కానీ చాలాచోట్ల కనిపించేది నానిపోయిన దూది చుట్టే. నాకు ఫిల్లింగ్ పెట్టిన చోట లైట్ కొన మీద పాత ముద్ద ఎండి అంటుకుని ఉంది. అందులోంచి వెలుగు పంటి దాకా ఎంత చేరుతుందో!

ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా నల్గొండ వైపు వాళ్లకి ఇంకో తలనొప్పి, ఫ్లోరోసిస్ బాగా ముదిరిన పంటి ఎనామిల్ యాసిడ్‌కి తేలిగ్గా లొంగదు, అతుకు కుదరాలంటే అదనంగా శ్రమపడాలి.

డాక్టర్లను తిట్టడానికి రాయడం లేదు. బయట క్యూ ఉన్నప్పుడు ఒక్క పన్ను మీద అంతసేపు కూర్చోమంటే ప్రభుత్వాసుపత్రిలో ఎవరి వల్ల అవుతుంది? పాత వెండి ఫిల్లింగ్ కాస్త తడిని తట్టుకునేది, కానీ అందులో పాదరసం ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి దాన్ని దాదాపు ఆపేసింది, పాదరసం వాడకం తగ్గించాలనే మినమాటా అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశమూ ఉంది. అంటే ముందు ముందు కాంపోజిట్ వాడకం పెరిగేదే.

కాబట్టి ప్రభుత్వ దంత విభాగాలకు కాంపోజిట్ ట్యూబులతో పాటు రబ్బరు డ్యామ్‌లు, లైట్ బలం కొలిచే మీటర్లు కూడా పంపాలి. ప్రైవేటులో బిల్లు మీద ఉత్త "ఫిల్లింగ్" అని కాకుండా ఏ మెటీరియల్, పొరలుగా పెట్టారా, ఒకేసారి నింపారా అన్నది రాయాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఆదేశించాలి.

— ఒక పాఠకుడు, నల్గొండ