ఫోను పెట్టేశాక గుర్తొచ్చినవి

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. మొన్న రాత్రి నువ్వు ఫోను చేసి, "అమ్మా, కారులో ఏదో ఎర్ర దీపం వెలిగింది, అయినా ఇంటిదాకా వచ్చేశాను" అన్నప్పుడు కోపం తెచ్చుకోవాలో, క్షేమంగా చేరావని సంతోషపడాలో తెలియలేదు. ఆ కంగారులో సగం చెప్పి సగం మింగేశాను. ఫోను పెట్టేశాక ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మళ్లీ ఫోను చేసి చెప్పవచ్చు, కానీ నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ వేరే పని చూసుకుంటావు. కాగితం మీద ఉంటే అవసరం పడ్డ రోజునైనా వెతుక్కుంటావు కదా అని రాస్తున్నాను.

ముందు ఆ దీపం సంగతి. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగితే, తొందరలోనే మెకానిక్‌కు చూపించమని అర్థం. ఎరుపు వెలిగితే బండిని పక్కకు తీసి ఆపెయ్యమని. పసుపులో ఒక్కదానికి మినహాయింపు ఉంది: ఇంజిన్ బొమ్మ ఉన్న దీపం వెలిగి ఊరుకోకుండా మిణుకుమిణుకుమంటూ ఉంటే అదీ ఆగమనే. నువ్వు చెప్పిన గుర్తు, ముక్కు ఉన్న నూనె డబ్బా, కొసన ఒక చుక్క, ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెప్పే దీపం. లోపల ఇనుము ఇనుముతో రాసుకోకుండా అడ్డుపడేది ఆ పలచని నూనె పొర ఒక్కటే. అది లేకుండా ఇంజిన్ తిరిగితే పాడవడానికి కొన్ని నిమిషాలు చాలు. ఇంకా నాలుగు వీధులే కదా అనుకున్నావు చూడు, ఇంజిన్లు కాలిపోయేది సరిగ్గా ఆ నాలుగు వీధుల్లోనే.

నువ్వు ఇంతవరకు ఒక్కసారి కూడా డిప్‌స్టిక్కు, అదే ఇంజిన్‌లో నూనె మట్టం చూసే కడ్డీ, తీసి చూడలేదని నాకు తెలుసు. అడిగితే "సర్వీసుకు ఇచ్చినప్పుడు వాళ్లే చూస్తారు" అంటావు. సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఇంజిన్ నూనె తాగదని నీకెవరు చెప్పారు? కాబట్టి రేపు ఉదయం ఈ పని చెయ్యి. బండి చదునైన నేల మీద ఉండాలి. వేడిగా ఉంటే ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగు, పైన చిమ్మిన నూనె అడుగుకు దిగాలి. పాత నూలు గుడ్డ ఒకటి పట్టుకో, నీ చొక్కా కాదు. బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన పసుపో నారింజో రంగులో ఉంగరంలాంటి పిడి కనిపిస్తుంది. లాగు. మొదటిసారి దాని మీద కనిపించే తడిని నమ్మకు, గొట్టం గోడలకు రాసుకుని ఎక్కడెక్కడో అంటుకుని ఉంటుంది. శుభ్రంగా తుడిచి, చివరిదాకా దించి, మళ్లీ బయటికి తియ్యి. ఇప్పుడు చూడు. కొసన రెండు గీతలో రెండు చుక్కలో ఉంటాయి. తడి ఆ రెండింటి మధ్య ఉండాలి. పైగీతకు దగ్గరగా ఉంటే ఇంకా మంచిది, దాటితే మాత్రం కాదు. ఎక్కువ పోస్తే లోపల గిరగిరా తిరిగే షాఫ్టు దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. నురగ ఇనుమును కాపాడలేదు. నూనె నల్లబడిందని కంగారుపడకు, మసిని తనలో పట్టి ఉంచుకోవడం దాని పనే. పాలు కలిసినట్టు తెల్లగా, చిక్కగా కనిపిస్తే మాత్రం కంగారుపడు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూలెంట్, నూనెలోకి చేరుతోందన్నమాట. ఆ బండిని అంగుళం కూడా కదపకు.

కూలెంట్ అనగానే తాతయ్య కుడిచేతి మణికట్టు మీది మచ్చ గుర్తొస్తుంది నాకు. చిన్నప్పుడు నువ్వు దాన్ని ఏదో దేశం పటం అనేవాడివి. అది వేడిగా ఉన్న రేడియేటర్ మూత తిప్పినందుకు వచ్చిన మచ్చ. లోపలి ద్రవం ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగకుండా అణిగి ఉంటుంది. మూత వదులు చేసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, ద్రవం ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి పైకి చిమ్ముతుంది. ఇంజిన్ వేడెక్కితే బండి ఆపు, ఏసీ ఆపు, చేతులు కట్టుకుని కూర్చో. మూత మీద చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా దాని జోలికి వెళ్లకు. ఆ పక్కనే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, మట్టం బయటినుంచే కనిపిస్తుంది. మామూలు రోజుల్లో అది చూస్తే చాలు. తగ్గిందని కుళాయి నీళ్లు పొయ్యకు. నీళ్లలోని ఉప్పులు లోపల పేరుకుంటాయి, ఇనుము తుప్పు పడుతుంది.

టైర్ల గాలి నెలకోసారి, దూరప్రయాణానికి ముందు తప్పకుండా చూడాలి. చల్లగా ఉన్నప్పుడే చూడాలి, తిరిగి వచ్చిన టైరు వేడెక్కి అసలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో టైరు పక్కన అచ్చువేసిన అంకె చూసి కొట్టించుకుంటారు చాలామంది. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, నీ బండికి కావలసినది కాదు. నీకు కావలసిన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే ఆ గడప మీద అంటించిన కాగితంలో ఉంటుంది. కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపలివైపు ఉంటుంది. అదే టైరు మీద మరో నాలుగంకెలు వెతుకు. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నావు కాబట్టి అయిదింటి మీదా అది చదువు. అవును, అయిదు, స్టెప్నీతో కలిపి. దాన్ని అందరూ మరిచిపోతారు, దారిలో డిక్కీ తెరిచి చూస్తే అదీ గాలి లేకుండా పడి ఉంటుంది.

అరుగుదల కూడా ఒక కథ చెబుతుంది. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువతో నడిపావు. మధ్య అరిగి అంచులు మిగిలితే ఎక్కువ కొట్టించావు. ఒక్క పక్కే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తప్పింది. గాడుల అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. పైభాగం అరిగి వాటితో సమానమైందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. ఇక బేరాలు వద్దు, మార్చెయ్యి.

బ్రేకు వేసినప్పుడు సన్నగా కీచుమంటే ప్యాడ్లు అయిపోవచ్చాయని చెప్పడానికి వాటిలో పెట్టిన రేకు చప్పుడు కావచ్చు. గరగరమని వినిపిస్తే ప్యాడు ఎప్పుడో అయిపోయింది, ఇనుము ఇనుమును కోస్తోంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే వాడినా వాడకపోయినా రెండేళ్లకోసారి మార్పిస్తారు. దాని మట్టం తగ్గితే పైనుంచి పోసి ఊరుకోకు, ఎందుకు తగ్గిందో చూపించు. బ్యాటరీ కొసల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే విప్పి శుభ్రం చెయ్యాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఇది తారుమారైతే స్పానరు బండి ఇనుముకు తగిలి నిప్పులు రాలతాయి. ఇంధనం ముల్లు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది చూడు, మూత ఏ పక్కన ఉందో చెప్పేది. అది ఏమిటో మీ నాన్నకు ఇరవై ఏళ్లు తెలియదు. నేను చెప్పానని ఆయనతో అనకు.

ఇక ఇల్లు. ఫ్రిజ్ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఇందులో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు పాత ఫ్రిజ్ అకస్మాత్తుగా పాడైందని చెప్పాం కదా, అది పాడవలేదు, నేను చంపాను. పైఅరలో మంచు గడ్డకట్టి ట్రే ఇరుక్కుపోయింది. కరిగేదాకా ఆగే ఓపిక లేక కత్తి మొనతో పెళ్లగించాను. రెండు ముక్కలు ఊడాయి. మూడో పోటుకు "స్‌స్‌స్" మని చప్పుడు, మొదట పెద్దగా, తర్వాత సన్నగా, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ మంచు కిందే చల్లదనం తెచ్చే వాయువు తిరిగే సన్నని గొట్టం ఉంటుంది. ఫ్రిజ్ ఆ రాత్రంతా పనిచేస్తున్నట్టే మోగుతూ ఉంది, లోపల మాత్రం అన్నీ గోరువెచ్చగా అయ్యాయి. మర్నాడు వచ్చిన మెకానిక్ ఆ చిల్లు మీద వేలు పెట్టి నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో వాడేది మండే వాయువు, కాబట్టి కత్తి పెట్టడం ఖర్చుతో పోయే తప్పు కూడా కాదు. మంచు పేరుకుంటే స్విచ్ ఆపి, తలుపు తెరిచి, గిన్నెతో వేడినీళ్లు లోపల పెట్టి వేరే పని చూసుకో.

ఫ్రిజ్ లోపలి వేడిని బయటికి తోడిపోస్తుంది. ఆ వేడి పోవడానికి వెనక చోటు కావాలి, గోడకు ఆనించి పెట్టకు. వెనక నల్లటి గొట్టాల చట్రం కనిపించే రకమైతే ఆరునెలలకోసారి ప్లగ్గు తీసి బ్రష్‌తో దుమ్ము దులుపు. తలుపు అంచు రబ్బరు పట్టు చూడటానికి ఒక కాగితం మధ్యలో పెట్టి తలుపు మూసి లాగు. జారి వచ్చేస్తే అక్కడ చల్లదనం కారిపోతోందన్నమాట. చాలాసార్లు రబ్బరు పాడై ఉండదు, జిడ్డు పట్టి ఉంటుంది. సబ్బునీళ్లతో తుడిస్తే బాగవుతుంది. కింది అర అడుగున నీళ్లు నిలుస్తుంటే ఫ్రిజ్ లోపలి వెనకగోడ కింద ఉండే చిన్న రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చినా, నువ్వే ఆపినా అయిదు నిమిషాలు ఆగి వెయ్యి. ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెస్తే, నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వెయ్యి, కంప్రెసర్ నూనె తన చోటికి తిరిగి రావాలి.

వాషింగ్ మెషీన్ నీళ్లు వదలడం లేదని అన్నావు. మెకానిక్‌ను పిలిచే ముందు, ముందుభాగంలో కింద మూలన ఉన్న చిన్న తలుపు తెరువు. ప్లగ్గు తీసి, కింద పళ్లెం, పాత తువ్వాలు పెట్టి, లోపలి బిరడాను నెమ్మదిగా తిప్పు, ఒక్కసారిగా తిప్పితే గదంతా నీళ్లే. మన మెషీన్‌లోంచి ఒకసారి మూడు గుండీలు, ఒక పిన్నీసు, నువ్వు పోయిందని ఏడ్చిన గోళీ బయటపడ్డాయి. బట్టలు వాసన వస్తున్నాయంటే సబ్బుపొడి ఎక్కువ వేస్తున్నావు. మిగిలిన సబ్బు లోపల జిడ్డుగా పేరుకుని వాసన వేస్తుంది. ఉతకడం అయ్యాక తలుపు కాసేపు తెరిచి ఉంచు.

ఏసీ జల్లెడలు రెండు వారాలకోసారి మామూలు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టు. గదిలోకి నీళ్లు కారితే చాలాసార్లు నీరు పోయే గొట్టం మూసుకుపోయి ఉంటుంది. మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే పారేయకు, చల్లారనిచ్చి అడుగున ఉన్న ఎర్ర మీట నొక్కు. మోటారు తనను తాను కాపాడుకోవడానికి పెట్టుకున్న మీట అది. కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడితే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు మరిగించి ఉంచు, అదే వదులుతుంది. గీజర్‌లో పట్టిన పెచ్చు మాత్రం నీ పని కాదు, తెలిసినవాళ్లను పిలిచి చేయించు. వచ్చినవాళ్లు లోపలి మెగ్నీషియం కడ్డీ చూపించి "అరిగిపోయింది" అంటే మోసం అనుకోకు. ట్యాంకుకు బదులు తాను తుప్పు పట్టడానికే దాన్ని పెడతారు.

నువ్వు అసలు ముట్టుకోకూడనిది ఒకటుంది, మైక్రోవేవ్ లోపలి భాగం. ప్లగ్గు తీసినా అందులోని కెపాసిటర్‌లో మనిషిని చంపేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. మీ నాన్నలాగా "చూద్దాం, ఏముందో" అని స్క్రూలు విప్పకు.

ఇంకొకటి, నువ్వు నవ్వినా సరే, ఇస్త్రీపెట్టె, హీటర్ వాడాక ప్లగ్గు తీసి దాన్ని చేత్తో తాకి చూడు. ప్లగ్గు కాలుతుంటే సాకెట్టులో పట్టు వదులైంది. వదులైన చోటే వేడి పుడుతుంది, మంట మొదలయ్యేది కూడా అక్కడే. ఇలాంటి ఎక్కువ కరెంటు లాగే వస్తువులను ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకు.

నేను రాసుకున్న పాత నోటు పుస్తకం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఏ వస్తువుకు ఏ తేదీన ఏమి చేయించామో, బండి అప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందులో ఉంది. వెనకనుంచి ఖాళీ పేజీలు ఉన్నాయి, నీ బండికి అక్కడినుంచి మొదలుపెట్టు. పసుపు పిడి స్క్రూడ్రైవర్ నువ్వే పట్టుకెళ్లావని నాన్న ఇంకా అంటున్నారు. నిజమైతే ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా.

ఆ బండిని మళ్లీ స్టార్ట్ చెయ్యలేదు కదా? డిప్‌స్టిక్కు చూశాక ఫోటో పంపు. తుడిచి, మళ్లీ దించి తీసిన తర్వాతి ఫోటో.

అమ్మ