నీ కంప్యూటర్ గురించి, బిడ్డా

బిడ్డా,

"నాకంటూ ఒక కంప్యూటర్ ఎప్పుడు?" అని నువ్వు అడిగినప్పుడల్లా "చూద్దాం" అంటూ వచ్చాను. కూర్చుని మాట్లాడదామంటే షాపు నుంచి ఫోన్ వస్తుంది, లేదంటే నీకు ట్యూషన్ టైమ్ అవుతుంది. అందుకే రాస్తున్నాను. అసలు మాట ముందే చెప్పేస్తా: ఇస్తాను. వార్షిక పరీక్షలు అయిపోయాక, ఈ ఎండాకాలం సెలవుల్లోనే. అయితే లాప్‌టాప్ కాదు, డెస్క్‌టాప్. ఎందుకో నిదానంగా చదువు.

కరీంనగర్‌లో ఈ సర్వీస్ షాపు పెట్టినప్పటి నుంచి తల్లిదండ్రులు నన్ను అడుగుతూనే ఉన్నారు. "అన్నా, మావాడు ఏడో తరగతి, ఇప్పుడే కొనిపెట్టొచ్చా?" అని. అందరికీ ఒక వయసు కావాలి. ఒక అంకె చెబితే నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. అంకెలకేం, చాలానే ఉన్నాయి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ 13 ఏళ్లు నిండాలంటాయి. ఆ 13 వెనక పిల్లల తెలివిని కొలిచిన లెక్కేమీ లేదు. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 1998లో అమెరికాలో చట్టం చేశారు. ఆ తలనొప్పి ఎందుకని కంపెనీలు 13 దగ్గర గీత గీసుకున్నాయి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 లోపు వాళ్లందరినీ పిల్లలనే అంటుంది. ఆస్ట్రేలియా అయితే 16 లోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలే ఉండకూడదని 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లో పెట్టింది. కంపెనీలను అదుపులో పెట్టడానికి ఇలాంటివి కావాల్సిందే. కానీ నా బిడ్డకు ఇవ్వొచ్చా లేదా అన్నది ఏ చట్టం చదివినా తెలియదు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఒక రోజు రాత్రి షాపు మూసే వేళకు ఒక పిల్లాడు వచ్చాడు. పదో తరగతి ఉంటుంది. స్కూల్ బ్యాగ్‌లోంచి లాప్‌టాప్ తీసి, ఇంకా మూత తెరవకముందే "అంకుల్, మా డాడీకి చెప్పొద్దు" అన్నాడు. తెరిస్తే స్క్రీన్ నిండా ఎర్రటి బాక్స్. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఆపేస్తే డేటా మొత్తం పోతుంది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి అని ఇంగ్లిష్‌లో రాసి ఉంది. అదే మాటను ఒక ఆడగొంతు ఆపకుండా చదువుతోంది. మూసేద్దామంటే పైన ఎక్కడా గుర్తు కనిపించదు. నిజానికి అది వైరస్సే కాదు, స్క్రీన్ అంతా పరుచుకున్న ఒక వెబ్‌పేజీ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ మీద 'ఎండ్ టాస్క్' కొట్టాను. పోయింది. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవొద్దని చెప్పాను. అంతే పని.

ఆ అంతే పనికి ఆ పిల్లాడు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో. ఛార్జర్ పాడైందని ఇంట్లో అబద్ధం చెప్పి లాప్‌టాప్‌ను బీరువా వెనక దాచాడట. ఆ నంబర్‌కు ఫోన్ కూడా చేశాడు. అవతలివాడు "మీ నాన్న కార్డు నంబర్ చెప్పు" అనేసరికి భయపడి పెట్టేశాడు. ఇంకొంచెం బెదిరించి ఉంటే చెప్పేసేవాడే. కంప్యూటర్ తెలియని పిల్లాడేం కాదు, నీకంటే చాలా ఎక్కువ తెలుసు. స్పీడ్‌గా టైప్ చేస్తాడు, గేములకు మోడ్‌లు వేసుకుంటాడు. మంచి లాప్‌టాప్ కూడా. ఇంట్లో "ఇలా అయింది" అని చెప్పుకోగల మనిషి మాత్రం లేరు.

అందుకే ఇప్పుడు ఎవరు వచ్చి వయసు అడిగినా నేను ఎదురు అడుగుతున్నాను: "ఏదైనా తేడా జరిగితే మీ పిల్లలు వచ్చి మీకు చెబుతారా?" కొందరు టక్కున చెబుతారంటారు. కొందరు ఆలోచనలో పడతారు. అలా పడ్డవాళ్లకు కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడతాను, బేరం ఆలస్యమైనా సరే.

నువ్వు చెబుతావు. దసరా సెలవుల్లో అమ్మ ట్యాబ్‌లో ఆ ఇళ్లు కట్టే గేమ్ ఆడుతుంటే ఎవరో "నేనూ ఎనిమిదో తరగతే, మీది ఏ స్కూల్, నీ ఫోటో పంపు" అని మెసేజ్ పెట్టారు కదా. నువ్వు ఏం రాయకుండా ట్యాబ్ పట్టుకుని నేరుగా వంటింట్లోకి పోయావు. అమ్మ చపాతీ పిండి చేతులతోనే చదివింది. నువ్వు స్క్రీన్‌షాట్ తీశావు, ఇద్దరూ కలిసి ఆ ఖాతాను రిపోర్ట్ చేసి బ్లాక్ చేశారు. నువ్వు మళ్లీ ఆటలో పడ్డావు. నీకు గుర్తుందో లేదో. ఆ రాత్రే నేను అమ్మతో అన్నాను, ఇక దీనికి సొంత కంప్యూటర్ ఇవ్వొచ్చు అని.

నీకు ఇంకా అలవాటు కావాల్సినవీ ఉన్నాయి. టైమ్ అయిపోయిందంటే ఇప్పటికీ మొహం మాడ్చుకుంటావు. అందులో నీ తప్పు కొంతే. ఒక వీడియో అవ్వగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యేలా ఆ యాప్‌లను చేసిందే మనల్ని లేవనివ్వకుండా ఉండేందుకు. నీ ఖాతాలో ఆటోప్లే తీసేద్దాం. మిగతాది మెల్లగా వస్తుంది.

ఇంకోటి లెక్కల సంగతి. మొన్న ఏకచరరాశి రేఖీయ సమీకరణాలు ఏఐతో చేయించుకున్నావు. జవాబు కరెక్టే. "ఈ లైన్‌లో మైనస్ కాస్తా ప్లస్ ఎలా అయింది?" అంటే నీ దగ్గర మాట లేదు. నేను వద్దనను. చాట్‌జీపీటీ నిబంధన ప్రకారం 13 నిండి 18 నిండని వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆ అనుమతి నేను ఇస్తున్నాను. కాకపోతే ముందు నోట్‌బుక్‌లో నీ ప్రయత్నం ఉండాలి. ఆ తర్వాత నీ లెక్క దానికి చూపించి "నేను ఎక్కడ తప్పాను?" అని అడుగు.

ఇప్పుడు డెస్క్‌టాప్ ఎందుకో చెబుతా. హైదరాబాద్‌లో మీ అన్నకు ఆరో తరగతిలోనే లాప్‌టాప్ వచ్చిందని అన్నావు. పెద్దనాన్న వాళ్ల ఇంటి తీరు వాళ్లది. నా దగ్గరికి రిపేర్‌కు వచ్చే పిల్లల లాప్‌టాప్‌లు చూస్తే చాలావాటికి రోగం ఒకటే. మంచం మీద, దుప్పటి మీద పెట్టుకుని వాడటం. కింద గాలి పోయే సందులు మూసుకుపోతాయి, ఫ్యాన్‌లో దూది పేరుకుంటుంది, ఒక చేత్తో మూత లాగి లాగి హింజ్ విరుగుతుంది. మంచం మీదికి పోయిందంటే రాత్రి ఎన్నింటి దాకా నడుస్తుందో ఎవరికీ తెలియదు. డెస్క్‌టాప్‌కు ఒక చోటు ఉంటుంది. మన ముందు గదిలో కిటికీ పక్కన నీ టేబుల్ వేస్తాను. స్క్రీన్ కంటి ఎత్తుకు వస్తుంది, మెడ వంగదు. లేస్తే పని అయిపోయినట్టే. పైగా విప్పి చూడొచ్చు, పాడైన పార్టు ఒక్కటే మార్చొచ్చు.

కొత్తది కూడా కాదు, చెప్పేస్తున్నా. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. ఆఫీసులవాళ్లు పాత సిస్టమ్‌లు కుప్పలుగా తెచ్చి ఇస్తున్నారు. ఆరో జనరేషన్ ఐ5 ప్రాసెసర్ ఉన్నవి విండోస్ 11 ఎక్కించుకోగల వాటి లిస్టులో లేవు, అంతే తప్ప గట్టి మెషీన్లు. అందులో మంచిది ఒకటి నీకోసం పక్కన పెట్టాను. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిద్దాం. నీ చదువుకు, నీ బొమ్మలకు, కోడింగ్‌కు అది చాలు. ర్యామ్ నువ్వే వేయాలి. ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకో, ఒంట్లో స్టాటిక్ ఉంటే దిగిపోతుంది. తర్వాత ర్యామ్ మీద ఉన్న గాటును స్లాట్‌లోని గాటుతో కలిపి, రెండు చివర్లా బొటనవేళ్లతో నొక్కు. క్లిప్పు టక్కుమనే దాకా. మొదటిసారి విరిగిపోతుందేమో అనిపిస్తుంది. విరగదు, నేను పక్కనే ఉంటా. ఈసారి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి నువ్వూ రా, కీబోర్డు నువ్వే చూసుకుని తీసుకుందువు.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే పాస్‌వర్డ్ మాత్రం కొన్నాళ్లు నా దగ్గరే ఉంటుంది. ఏదైనా కావాలంటే అడుగు, అది ఏమిటో, ఎక్కడి నుంచి వస్తుందో ఇద్దరం చూసి ఎక్కిద్దాం. నీ ఖాతా పాస్‌వర్డ్ నీది. షాపుకు వచ్చేవాళ్లలో కొందరు పిల్లలకు తెలియకుండా చాటింగ్‌లు చదివే సాఫ్ట్‌వేర్ వేయమంటారు. నేను వేయను. ఇంట్లో కూడా వేయను. దొంగచాటుగా చదివే నాన్నకు ఏ పిల్లా తనంతట తాను వచ్చి చెప్పదు. నాకు ఏదైనా చూడాలనిపిస్తే నిన్ను పక్కన కూర్చోబెట్టుకునే చూస్తాను. ఇక రాత్రి తొమ్మిదిన్నరకు రూటర్ బంద్. నా ఫోన్, అమ్మ ఫోన్ కూడా ముందు గదిలోనే ఛార్జింగ్‌లో ఉంటాయి.

ఇప్పటిదాకా రాసినవన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు రాసేది ఒక ఎత్తు. నువ్వు వచ్చి "నాన్నా, ఇలా అయింది" అంటే, అది ఎంత పెద్దదైనా, తప్పు నీదే అయినా, కంప్యూటర్ లాక్కోవడం ఉండదు. అమ్మ కూడా ఒప్పుకుంది. ముందు అయింది సరిచేసుకుంటాం, మాటలేమైనా ఉంటే ఆ తర్వాత. పిల్లలు దాచేది తిట్లకు భయపడి కాదు, ఉన్నది పోతుందని. ఆ భయం నీకు ఉండొద్దు.

ఆడపిల్లవు కాబట్టి ఇంకో మాట. మన చుట్టుపక్కల ఇళ్లల్లో నేను చూశాను. ఎవడో ఫోటో మార్ఫింగ్ చేసి బెదిరిస్తే పిల్ల ఫోన్ లాక్కుంటారు, కొన్నిసార్లు కాలేజీ కూడా మాన్పిస్తారు. చేసినవాడు హాయిగా తిరుగుతుంటాడు. నాకు ఇది తలచుకుంటేనే కోపం వస్తుంది. మన ఇంట్లో అలా జరగదు. నీకు అలాంటిది ఎప్పుడైనా వస్తే డబ్బులు పంపకు, బతిమాలకు, మెసేజ్‌లు డిలీట్ చేయకు. అలాగే ఉంచి మా దగ్గరికి రా. పిల్లలతో అలా చేయడం పోక్సో చట్టం కిందా, ఐటీ చట్టం కిందా నేరం. పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. డబ్బులు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ రెండు నంబర్లూ మానిటర్ కింద అంటించి పెడతాను.

దానితో ఏం చేస్తావన్నది నీ ఇష్టం. బ్లాకులు పేర్చి కోడింగ్ చేసే స్క్రాచ్ నీకు వచ్చు, అది నెట్ లేకుండా కూడా నడుస్తుంది. పైథాన్ మొదలుపెడదామంటే సరే. నాదొక కోరిక ఉంది: తెలుగు టైపింగ్ ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో నేర్చుకో. అచ్చులు చాలావరకు ఎడమ చేతి కింద, హల్లులు చాలావరకు కుడి చేతి కింద ఉంటాయి, వారం పది రోజులు చిరాకు పెట్టి తర్వాత వేళ్లే పోతాయి. నానమ్మకు వచ్చిన బతుకమ్మ పాటల్లో సగం ఎక్కడా రాసి లేవు. ఆమె పాడుతుంటే నువ్వు ఎక్కించు.

ఇందులో నీకు నచ్చనివి ఉంటాయి. తొమ్మిదిన్నర మీద గొడవ పడతావని నాకు తెలుసు. ఒక కాగితం మీద నీ షరతులు రాయి, నాకూ అమ్మకూ పెట్టాల్సినవి కూడా. ఆదివారం షాపు బంద్ కదా, పొద్దున టిఫిన్ అయ్యాక ముగ్గురం కూర్చుందాం.

మీ నాన్న