వార్తను చదవడం ఒక పూట సదస్సుతో రాదు

సంపాదకుడు గారికి,

తప్పుడు వార్తల మీద పిల్లలకు అవగాహన అంటే మన బళ్లలో ఇప్పటికీ ఒక పూట సదస్సే. ఎవరో వచ్చి మాట్లాడతారు, పిల్లలు ప్రతిజ్ఞ చేస్తారు, అందరూ ఫొటో దిగుతారు.

ఇది చాలదని బిహార్‌లో తేలింది. 2019 ఎన్నికలప్పుడు పరిశోధకురాలు సుమిత్ర బద్రీనాథన్ ఇళ్లకే మనుషుల్ని పంపి గంటసేపు నేర్పించి చూశారు. మొత్తం మీద పెద్ద తేడా రాలేదు. తర్వాత ఆమె బృందమే అక్కడి పల్లె గ్రంథాలయాల్లో 13 వేల మందికి పైగా విద్యార్థులతో వారాల తరబడి తరగతులు నడిపింది. ఈసారి ఫలితం కనిపించింది, నెలల తర్వాత కూడా నిలిచింది.

ఏం నేర్పుతామన్నది ఇంకో సంగతి. ‘ఫోన్ ముట్టుకోవద్దు, ఏదీ నమ్మొద్దు’ అనడమే మనకు తెలిసిన పద్ధతి. ఏదీ నమ్మని పిల్లవాడు నిజం చెప్పినా నమ్మడు. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్ బృందం చరిత్ర ఆచార్యులకు, విద్యార్థులకు, ఫ్యాక్ట్ చెకర్లకు (వార్తల్లో నిజానిజాలు తేల్చే వాళ్లకు) ఏ వెబ్‌సైట్ నమ్మదగిందో చెప్పమని ఒకే పరీక్ష పెట్టింది. ఆచార్యుల్లో కూడా చాలామంది వెబ్‌సైట్‌ను పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివి బోల్తా పడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీ వదిలేసి, పక్కన ట్యాబులు తెరిచి, అసలు దాన్ని నడిపేది ఎవరో వెతికారు. ఈ అలవాటును హైస్కూల్ పిల్లలకు నేర్పడం కష్టమేమీ కాదు.

కంప్యూటర్ లేని బడిలోనూ ఒక పని చేయొచ్చు. ఒకే అసెంబ్లీ సమావేశం మీద రెండు పత్రికల మొదటి పేజీలు పక్కపక్కన పెట్టి, ఎవరి మాట పెద్దక్షరాల్లో వచ్చింది, ఎవరిది అసలు రాలేదు అని అడగొచ్చు. మీడియా లోకాన్ని ఉన్నదున్నట్టు చూపదని, ఏరి కూర్చి చూపిస్తుందని బ్రిటన్ మీడియా విద్యావేత్త లెన్ మాస్టర్‌మన్ 1980లలోనే చెప్పారు. ఏ పత్రిక ఏ పార్టీ వైపో మన పిల్లలకు ఇంట్లోనే తెలిసిపోతుంది (మీ పత్రికనూ వదలరు, ఏమీ అనుకోకండి). ఏ వాక్యం చూసి అలా అంటున్నావని అడిగితే మాత్రం చూపించలేరు.

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ వాట్సాప్ పుకార్లు రేగినప్పుడు, అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, డప్పులతో పాటలతో జనానికి చెప్పించారు. అంతవరకూ రాకముందే బడి చేయాల్సిన పని ఇది. కేరళ 2024లో ఐదు, ఏడు తరగతుల ఐసీటీ (కంప్యూటర్, సమాచార సాంకేతికత) పుస్తకాల్లో నకిలీ వార్తల పాఠం చేర్చింది.

మన రెండు రాష్ట్రాల్లో కొత్త సబ్జెక్టు అక్కర్లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల తెలుగు, సాంఘిక శాస్త్రం పీరియడ్లలో వారానికి ఒకటి దీనికి కేటాయించి, ముందు టీచర్లకు శిక్షణ ఇస్తే చాలు. మార్కులు మాత్రం పెట్టొద్దు, పెడితే మర్నాడే గైడు వచ్చేస్తుంది. వచ్చే పాఠ్యపుస్తకాల సవరణలో, ఆ పుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థలైన ఎస్‌సీఈఆర్‌టీలు ఈ విషయం పరిశీలించాలని కోరుతున్నాను.

- ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, వనపర్తి జిల్లా