చంద్రుడి రాయని ఎవరు తేల్చారో కూడా రాయండి

సంపాదకులు గారికి,

పొలంలో నల్లరాయి దొరికిందట, చంద్రుడి నుంచి పడిందట, కోట్లు పలుకుతుందట అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు ఈమధ్య పేపర్లలో కూడా చిన్న వార్తలైపోతున్నాయి. రైస్ పుల్లింగ్ పేరుతో మన జిల్లాల్లో ఎంతమంది మునిగారో తెలిసిందే, ఇది దానికి తమ్ముడు. వార్త వేయొద్దనను. అది చంద్రుడిదని ఎవరు, ఎలా తేల్చారో అడిగి వేయండి.

అయస్కాంతం గట్టిగా పట్టింది కాబట్టి చంద్రుడిదే అంటారు, అసలు సంగతి దానికి తలకిందులు. మామూలు ఉల్కల్లో లోహపు ఇనుము ఉంటుంది కనుక వాటిని అయస్కాంతం పడుతుంది, చంద్రుడి రాళ్లలో అది చాలా తక్కువ. పైగా చూపుకి అవి మన భూమి రాళ్లలాగే ఉంటాయి. ఆదిలాబాద్ వైపు దొరికే దక్కన్ బసాల్ట్ (లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి) ముక్కనీ చంద్రుడి బసాల్ట్ ముక్కనీ పక్కపక్కన పెడితే కంటితో తేడా చెప్పడం కష్టం. చంద్రుడి తెల్లటి ఎత్తు ప్రాంతాల్లో ఉండే అనార్థోసైట్ అనే రాయి అయితే తమిళనాడులో సేలం చుట్టుపక్కల కూడా ఉంది, ఇస్రో దాన్నే పిండి చేసి చంద్రయాన్ ల్యాండర్ పరీక్షలకు చంద్రమట్టిలా వాడుకుంది!

ఆక్సిజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులు) ఏ పాళ్లలో ఉన్నాయో కొలిస్తే చాలా గ్రహశకలాల రాళ్లు విడిపోతాయి గానీ భూమి, చంద్రుడు మాత్రం గ్రాఫులో ఒకే గీత మీద పడతాయి. అందుకే పైరాక్సీన్, ఆలివిన్ అనే ఖనిజాల్లో ఇనుముకీ మాంగనీసుకీ ఉన్న నిష్పత్తి చూస్తారు. చంద్రుడి రాళ్లలో అది 70 చుట్టూ ఉంటుంది, అంగారకుడివి 40, వెస్టా అనే గ్రహశకలానివి 30 దగ్గర. దీనికి తోడు గాలిలో దూసుకొచ్చేటప్పుడు కరిగి గట్టిపడిన పైపొర, అంతరిక్షంలో ఉన్నప్పుడు కాస్మిక్ కిరణాలు మిగిల్చిన గుర్తులు, ఇవన్నీ ల్యాబ్‌లో చూడాల్సినవే, ఫోటో చూసి చెప్పేవి కావు.

మొదట గుర్తించిన చంద్ర ఉల్క 1982 జనవరిలో అంటార్కిటికాలోని అలన్ హిల్స్‌లో దొరికింది, బరువు 31 గ్రాములు. అపోలో తెచ్చిన రాళ్లు ఉండబట్టి పోల్చి చెప్పగలిగారు. అంతకుముందే 1979లో జపాన్ వాళ్లు అంటార్కిటికాలోనే యమాటో పర్వతాల దగ్గర ఒకటి ఏరారు, అది చంద్రుడిదని మాత్రం తర్వాత తెలిసింది. ఒమన్‌లో 2002లో దొరికిన సయ్ అల్ ఉహైమిర్ 169 ఇంకా గమ్మత్తు, 206 గ్రాముల ఆ రాయిలో థోరియం ఎక్కువగా ఉండటం చూసి, చంద్రుడి మీద లలాండ్ క్రేటర్ దగ్గర నుంచి లేచి ఉంటుందని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

నాకు తెలిసి, పడుతుండగా జనం చూసిన చంద్ర ఉల్క ఇంతవరకు ఒక్కటీ లేదు, అన్నీ ఎప్పుడో పడి తర్వాత దొరికినవే. కాబట్టి “రాత్రి పడింది” అన్నచోటే అనుమానించాలి.

ఇకమీదట ఇలాంటి వార్త వస్తే ఉల్కల పేర్లు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ మెటియొరిటికల్ సొసైటీ జాబితాలో ఆ రాయి పేరుందా అని మీ విలేకరి అడగాలి. లేకపోతే “వింత రాయి” అని హెడ్డింగ్ పెడితే చాలు. దొరికినవాళ్లు బేరగాళ్ల వెంట పడకుండా జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చూపించమని ఒక వాక్యం వేయండి, వాళ్ల దక్షిణ ప్రాంత ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జియాలజీ లెక్చరర్, అనంతపురం