ఠాణా నడిపే అధికారి పని షరతులు కాగితం మీదికి రావాలి

సంపాదకులకు నమస్కారం.

పోలీసుల వారాంతపు సెలవు, డ్యూటీ వేళలు, బదిలీల సంగతి పత్రికల్లోకి వచ్చిన ప్రతిసారీ చర్చ కానిస్టేబుళ్ల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. వారి కష్టం ఎవరూ కాదనలేనిది. అయితే వారికి డ్యూటీలు వేసేవాడు, సెలవు చీటీ మీద సంతకం పెట్టేవాడు, ఫిర్యాదు తెచ్చినవారికి జవాబు చెప్పుకోవలసినవాడు, పైనుంచి చీవాట్లు తినేవాడు అయిన ఇన్‌స్పెక్టర్ గురించీ, ఆయన మీద ఉండే ఏసీపీ గురించీ మాట్లాడేవారు కనిపించరు. ఈ నడిమి స్థాయి అధికారుల పని షరతులను అందరూ చదవగల ఒక పత్రంలో రాసి, కొన్నేళ్లకు ఒకసారి సవరించుకునే పద్ధతిని విశాఖపట్నం కమిషనరేట్‌లో మొదలుపెట్టాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

అమెరికాలోని సియాటిల్ నగరంలో ఇటువంటి పద్ధతి ఉంది. అక్కడ కింది స్థాయి అధికారులకూ సార్జెంట్లకూ ఒక సంఘం ఉండగా, సిబ్బందిని నడిపించే లెఫ్టినెంట్లకూ కెప్టెన్లకూ సియాటిల్ పోలీస్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ అనే వేరే సంఘం ఉంది. నగరం ఈ రెండో సంఘంతో విడిగా ఒప్పందం చేసుకుంటుంది. జీతం, సెలవులు, క్రమశిక్షణ చర్య మీద అప్పీలు చేసుకునే విధానం వంటివన్నీ అందులో ఉంటాయి. మేయర్ తరఫువారు కూర్చుని కుదుర్చుకున్నంత మాత్రాన అది చెల్లదు. ఎన్నికైన నగర మండలి ఓటు వేసి ఆమోదించాలి. ఆ రాష్ట్ర చట్టం పోలీసులకు సామూహిక బేరసారాల హక్కు ఇచ్చింది గాని సమ్మె చేసే హక్కు ఇవ్వలేదు. మాట కుదరకపోతే తగవు మధ్యవర్తి ముందుకు వెళుతుంది. శాంతిభద్రతలకు భంగం రాకుండా, ఉద్యోగి గోడు గాలికి పోకుండా ఉండేందుకు ఇది ఒక మార్గమని నా అభిప్రాయం.

మన చట్టం ఇందుకు దూరంగా ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుని నిర్వచనం నుంచి పోలీసు ఉద్యోగిని పేరుపెట్టి మరీ తప్పించింది. దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా అదే మినహాయింపును నిలబెట్టింది. రాజ్యాంగంలోని 33వ అధికరణ ఇచ్చిన అధికారంతో పార్లమెంటు 1966లో పోలీసు బలగాల హక్కుల మీద పరిమితులు విధిస్తూ చట్టం చేసింది. అనుమతి లేకుండా ఏ కార్మిక సంఘంలో చేరినా రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పోలీసు అధికారి అన్నివేళలా విధుల్లో ఉన్నట్టే భావించాలని 1861 నాటి పోలీసు చట్టం చెప్పింది. తెల్లదొరల కాలపు ఆ భావనే నేటికీ దేశమంతటా ఆ కొలువుకు పునాదిగా ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెత ఈ అధికారుల విషయంలో అక్షరాలా నిజమైంది. కార్మిక చట్టం వారికి వర్తించదు, దాని బదులు ఇరుపక్షాలూ ఒప్పుకుని రాసుకున్న కట్టుబాటు ఏదీ లేదు.

2022 ఫిబ్రవరి 3న వేతన సవరణ మీద రాష్ట్ర ఉద్యోగులు చలో విజయవాడ జరిపిన రోజును చాలామంది మరిచిపోయి ఉండరు. ఆ సవరణ కిందనే జీతం అందుకునే పోలీసు అధికారులు ఆ రోజు బందోబస్తులో నిలబడ్డారు. ఉద్యోగ సంఘాల నాయకులు మంత్రుల కమిటీతో చర్చించి కొన్ని మార్పులు తెచ్చుకోగలిగారు. రాష్ట్రంలో పోలీసు అధికారుల సంఘం ఉన్నమాట వాస్తవమే, అది వినతిపత్రాలు ఇస్తూనే ఉంది. వాడుకోని సెలవుకు బదులు ఇచ్చే డబ్బు, అంటే సరెండర్ లీవు బకాయిలు, ప్రయాణ భత్యాలు ఆలస్యమైనప్పుడల్లా వారి విజ్ఞప్తులు పత్రికల్లో చూస్తుంటాం. వినతిపత్రం తీసుకున్నవారు దాన్ని పక్కన పెట్టినా అడిగే దారి లేదు. ఒప్పందమైతే దాని మీద ఇరుపక్షాల సంతకాలు ఉంటాయి.

ఉక్కు కర్మాగారంలో సిబ్బంది విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిని కాబట్టి ఈ తేడా ఎంతటిదో దగ్గర నుంచి చూశాను. వారపు సెలవు నాడు ఒక కార్మికుణ్ణి పిలిచి పని చేయించుకుంటే టైం ఆఫీసు రిజిస్టరులో అతని పేరుకు ఎదురుగా సీ-ఆఫ్, అంటే బదులు సెలవు అని పడుతుంది. దాన్ని ఫలానా గడువులోగా వాడుకోనివ్వాలని మా కాలంలో ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. గడువు దాటిపోతుంటే అతను ఫోర్‌మన్ దగ్గరికి వచ్చి ఆ పేజీ తీసి వేలు పెట్టి చూపిస్తాడు. ఫోర్‌మన్‌కు కోపం వచ్చినా రాకపోయినా సెలవు ఇవ్వక తప్పదు. అడిగినవాడి మీద ఫోర్‌మన్‌కు కక్ష మిగలకపోవడానికీ ఆ కాగితమే కారణం, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవరినీ దయ చూపమని అడగడం లేదు. ఒక పోలీస్ స్టేషన్‌లో అదే సెలవు అడగాలంటే ముందు పై అధికారి మనఃస్థితి ఎలా ఉందో చూసుకోవాలి.

మన నగరంలో ఈ బరువు ఎలాంటిదో చెప్పాలి. ఓడరేవు, నౌకాదళ స్థావరం, ఉక్కు కర్మాగారం, విమానాశ్రయం, సింహాచలం కొండ, సాగరతీరం అన్నీ ఒకే కమిషనరేట్‌లో ఉన్న ఊరు రాష్ట్రంలో మరొకటి లేదు. నేవీ డే, ప్రముఖుల పర్యటనలు, మధురవాడ వైపు క్రికెట్ మ్యాచ్‌లు, చందనోత్సవం, కార్మిక సంఘాల ధర్నాలు ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటాయి. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ప్రధాని వచ్చినప్పుడు సాగరతీరం వెంబడి లక్షల మంది చేరారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువు వెలువడి 12 మంది ప్రాణాలు పోయిన దుర్ఘటనలో, ఇళ్ల తలుపులు తట్టి జనాన్ని బయటికి తెచ్చినవారిలో ముందున్నది పోలీసులే.

ఆషాఢ పౌర్ణమికి జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్ల నడక. తొలిపావంచా దగ్గర మొదలై జనం రాత్రంతా నగరాన్ని చుట్టి వస్తారు. ఒక ఏడాది హనుమంతవాక కూడలిలో బందోబస్తు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ గారిని కాసేపు గమనించాను. తడిసిన రెయిన్ కోటు బారికేడు మీద ఆరవేసి ఉంది. చేతిలోని సెట్‌లో ఎక్కడో జనం ఆగిపోయారన్న మాట వినిపిస్తుండగానే, మనవడు తప్పిపోయాడని ఏడుస్తున్న ఒక ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. ఆ వెంటనే ఫోనులో స్టేషన్ రైటరుకు మర్నాడు కోర్టులో దాఖలు చేయవలసిన కేసు కాగితాల వరుస చెప్పడం మొదలుపెట్టారు. రాత్రంతా ఆ కూడలిలో నిలబడిన మనిషి తెల్లవారి కోర్టు మెట్లెక్కి న్యాయవాది ప్రశ్నలకు తడబడకుండా సమాధానం చెప్పాలని మనం ఆశిస్తున్నాం. నిద్ర లేని అధికారి తప్పు చేస్తే ఆ తప్పును మోయవలసి వచ్చేది ఫిర్యాదు ఇచ్చినవారూ, ఒక్కోసారి ఏ నేరమూ చేయకుండా స్టేషన్‌లో కూర్చోవలసి వచ్చినవారూ.

ఇది ఒక్క విశాఖ ముచ్చట కాదు. కేంద్ర పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కోసం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ చేసిన 2014 నాటి అధ్యయనంలో స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలు దాటి పనిచేస్తున్నారని తేలింది. నెలకు ఒక్కసారి కూడా వారపు సెలవు దొరకడం లేదని చెప్పిన స్టేషన్ సిబ్బంది నాలుగింట మూడు వంతుల దాకా ఉన్నారు. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాక సోదాలను వీడియో తీయాలి, ఏడేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులను రప్పించాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలి. ఇవన్నీ మంచి నిబంధనలే, పౌరుడిగా వాటిని స్వాగతిస్తాను. వీటికి తగినట్టు మనుషులు పెరగాలి కదా. మన రాష్ట్రంలో 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు ప్రకటన వెలువడితే తుది ఫలితాలు 2025 ఆగస్టులో గాని రాలేదు. ఆ మధ్యకాలపు లోటు ఎవరి డ్యూటీలతో పూడిందో వేరే చెప్పనక్కర్లేదు.

2019 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం పోలీసులకు వారాంతపు సెలవు ప్రకటించినప్పుడు వారి ఇళ్లలో పండగ వాతావరణం కనిపించింది. ఆ నిర్ణయం మెచ్చుకోదగినది. అయితే అది ఉత్తర్వు రూపంలో వచ్చింది కాబట్టి బందోబస్తు పేరు చెప్పి ఎవరైనా పక్కన పెట్టగలరు, అలా పక్కన పెట్టిన సెలవుకు బదులు ఎప్పుడిస్తారో చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. తన కింది వారందరి సెలవులూ సర్దిన తరువాత మిగిలింది తీసుకోవలసిన స్టేషన్ అధికారికి మిగిలేది శూన్యం. బదిలీల సంగతీ అంతే. స్టేషన్ హౌస్ ఆఫీసరుకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా అధికారులను కారణం చెప్పకుండా వీఆర్‌కు, అంటే వేకెన్సీ రిజర్వుకు పంపడం, పోస్టింగు లేకుండా నెలల తరబడి కూర్చోబెట్టడం ప్రభుత్వాలు మారినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం. ఏ రోజు సీటు కదులుతుందో తెలియని అధికారి చట్టం వైపు చూడడం మాని నాయకుని ముఖం వైపు చూడడం నేర్చుకుంటాడు.

ఇంతవరకు అధికారుల పక్షాన చెప్పాను. పౌరుల పక్షాన చెప్పవలసినది ఇంతకంటే ముఖ్యమైనది, అందుకు కూడా సియాటిల్ అనుభవమే పాఠం. అక్కడి పోలీసులు మితిమీరిన బలప్రయోగం చేస్తున్నారని కేంద్ర న్యాయశాఖ దర్యాప్తులో తేలడంతో 2012లో నగరం కోర్టు పర్యవేక్షణ కిందికి వచ్చింది. 2017లో నగర మండలి పోలీసుల జవాబుదారీతనం కోసం గట్టి చట్టం చేసింది. ఆ తరువాత కింది స్థాయి అధికారుల సంఘంతో కుదిరిన ఒప్పందం ఆ చట్టాన్ని నీరుగార్చిందన్న విమర్శలు వచ్చాయి. జవాబుదారీ విషయంలో నగరం తన మాట తప్పిందని 2019లో ఫెడరల్ న్యాయమూర్తే తేల్చారు. 2022లో లెఫ్టినెంట్లు, కెప్టెన్ల ఒప్పందాన్ని సవరించినప్పుడు క్రమశిక్షణ చర్యల మీద అప్పీలు పద్ధతిని బిగించారు. జీతం పెంచే బల్ల దగ్గర శిక్షలు సడలించే బేరం కూడా జరిగిపోయే ప్రమాదం ఉందని ఈ వరుస చూస్తే అర్థమవుతుంది. మనం అదే తప్పు చేయకూడదు.

కాబట్టి నేను కోరే పత్రంలో విశ్రాంతి, డ్యూటీ వేళలు, బందోబస్తు తరువాత బదులు సెలవు, భత్యాలు, కనీస పదవీకాలం మీద చర్చ జరగాలి. లాకప్ హింస, ఎఫ్ఐఆర్ నమోదు చేయకపోవడం, లంచం వంటి ఆరోపణల మీద విచారణ ఎలా జరగాలన్నది మాత్రం బేరానికి వీల్లేని విషయంగా ముందే రాసిపెట్టాలి. స్టేషన్‌లలో సీసీ కెమెరాలు ఉండాలని, అవి పనిచేసేలా చూసే బాధ్యత స్టేషన్ అధికారిదేనని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అటువంటి బాధ్యతలు ఆ పత్రంలోనే, హక్కుల పక్కనే కనిపించాలి. ఎనిమిది గంటల విశ్రాంతి అడిగే అధికారి కెమెరా ఎందుకు ఆగిందో చెప్పడానికీ సిద్ధపడాలి. జాతీయ పోలీసు కమిషన్ 1979లో ఇచ్చిన తొలి నివేదికలోనే కానిస్టేబుళ్ల జీతం, ఇల్లు, గోడు వినే ఏర్పాటుతో పాటు పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులను విచారించే పద్ధతిని కూడా చేర్చింది. ఆ రెండింటినీ విడదీయకపోవడం ఆ కమిషన్ చూపిన వివేకం.

క్రమశిక్షణ గల బలగంలో ఒప్పందం అనే మాటే చొరబడకూడదని కొందరు పెద్దలు అంటారు. వారి ఆందోళన గౌరవించదగినదే. 1966 చట్టంలోనే అనుమతితో సంఘంలో ఉండే వీలు ఉంది, మన రాష్ట్రంలో అధికారుల సంఘం ఉంది కూడా. సమ్మె హక్కును ఎవరూ అడగడం లేదు. చట్టసభ ముందుకు పోకుండానే హోంశాఖ ఉత్తర్వుతో, అధికారుల సంఘ ప్రతినిధులూ కమిషనర్ కార్యాలయమూ ఆర్థిక శాఖా కూర్చుని రాసుకోగల అవగాహన పత్రం ఇది. ఖర్చు మాటకొస్తే, నేడు లెక్కలోకి రాకుండా చేయిస్తున్న అదనపు పని రేపు లెక్కలోకి వస్తుంది, అంతే.

హోంశాఖ వారికీ నగర పోలీసు కమిషనర్ గారికీ మీ పత్రిక ద్వారా నా మనవి ఒక్కటే. ముందుగా మన కమిషనరేట్‌లోని ఇన్‌స్పెక్టర్లకూ ఏసీపీలకూ వర్తించేలా మూడేళ్ల గడువుతో ఒక ముసాయిదా తయారు చేయించండి. దాన్ని ఇంగ్లీషులో రాసి దాచిపెట్టకుండా తెలుగులో కమిషనరేట్ వెబ్‌సైట్‌లో ఉంచి, ప్రజల అభ్యంతరాలకు నెల రోజుల గడువు ఇవ్వండి. తరువాత జరిగే ప్రతి సవరణనూ తేదీతో సహా అక్కడే పెట్టండి. జీవితమంతా ఇటువంటి ఒప్పందాల మధ్య గడిపిన విశ్రాంత ఉద్యోగులు ఈ నగరంలో చాలామంది ఉన్నాం. ముసాయిదా బయటికి వస్తే ప్రతి నిబంధనా చదివి సూచనలు పంపుతాం.

ఇట్లు,
ఉక్కు కర్మాగార విశ్రాంత ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం